బాబాయి కుందేళ్లు

మా ఇంటి నుంచి కుందేలు పిల్లను పట్టుకెళ్లాలంటే ముందు మీ ఇల్లు మా బాబాయికి చూపించాలి. బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. డబ్బులు తీసుకునేవాడు కాదు. కానీ సాయంత్రం డ్యూటీ దిగాక సైకిలేసుకుని వెళ్లి ఇంట్లో కుక్క ఉందా, నీడపట్టున చోటుందా, ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్తే ఎవరు చూస్తారు, పిల్లలది ఎంత వయసు, ఇంట్లో పెద్దవాళ్లకి ఇష్టమేనా, అన్నీ అడిగి కళ్లారా చూసి వచ్చేవాడు. పిల్లనిచ్చే ముందు సంబంధం చూసినట్టే చూసేవాడు. "ఇంతోటి కుందేలుకి ఇన్ని ప్రశ్నలా అండీ" అని కొందరు మొహం మీదే అనేసేవారు. బాబాయికి కోపం వచ్చేది కాదు. "ఎనిమిదేళ్లు, పదేళ్లు బతుకుద్దండీ అది. అన్నేళ్లూ చూసుకునేవాళ్లకే ఇస్తాను" అనేవాడు.

ఆయన దగ్గర నల్ల అట్ట నోట్‌బుక్ ఒకటి ఉండేది. ప్రతి పిల్లకీ అందులో ఒక వరస. పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, ఆడా మగా, ఎవరింటికి వెళ్లింది, ఆ తర్వాత తను వెళ్లి చూసొచ్చిన తేదీలు. ఇచ్చేశాం కదా అని ఊరుకునే మనిషి కాదు. నెల తిరక్కుండా ఓసారి, ఆ తర్వాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఓసారి తలుపు తట్టేవాడు. నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. వాళ్లు పెట్టిన చేగోడీలు నేను తింటుంటే ఆయన వంగి కుందేలు చెవులు, గోళ్లు, ముందు పళ్లు, వెనక కాళ్ల అరికాళ్లు చూసేవాడు. కుందేళ్ల గురించి నాకు తెలిసిందాంట్లో సగం ఆ ఇళ్ల వసారాల్లోనే నేర్చుకున్నాను.

తొంభైల నాటి మాట ఇది. నాన్నమ్మ, మేము, బాబాయి వాళ్లు అందరం ఒకే పెంకుటింట్లో ఉండేవాళ్లం. వెనక దొడ్డి, దొడ్లో బావి, మునగచెట్టు, తాటాకు పందిరి. పందిరి కిందే కుందేళ్ల బోన్లు. మా పేటలో అప్పట్లో రైలు పట్టాలు ఇళ్ల పక్కనుంచే వెళ్లేవి. తర్వాత అవి తీసేసి, బస్సులకి ప్రత్యేకంగా దారి ఉండే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. కొత్తగా వచ్చిన కుందేలు రైలు చప్పుడుకి వెనక కాలితో నేలను దబదబా కొట్టేది. ప్రమాదం వస్తోందని మిగతావాటికి చెప్పడం అది. పాతవి మాత్రం చెవి కూడా కదపకుండా గడ్డి నములుతూనే ఉండేవి. కొన్నాళ్లకి కొత్తదీ అలవాటు పడిపోయేది.

బాబాయి రైల్వేలో పనిచేసేవాడు. తనతో పనిచేసే ఒకాయనకి బదిలీ అయితే, వెళ్తూ వెళ్తూ తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లున్న జతనొకదాన్ని బాబాయి చేతుల్లో పెట్టి వెళ్లారట. న్యూజిలాండ్ వైట్ రకం. బూడిద రంగు సోవియట్ చించిల్లాలు ఆ తర్వాత వచ్చాయి. మొదట్లో చెక్క బోన్లు ఉండేవి కానీ అవి ఎన్నాళ్లో నిలవలేదు. కుందేలు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే. దాంతో ఆటోనగర్లో ఇనప చట్రాలు వెల్డింగ్ చేయించి, చుట్టూ జల్లెడ కట్టించాడు. అడుగున కూడా జల్లెడే, పెంటికలు కిందికి రాలిపోయేలా. కానీ ఎప్పుడూ ఆ తీగల మీదే కూర్చుంటే వెనక అరికాళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తలుండవు, వెంట్రుకలే. అందుకని ప్రతి బోనులోనూ సగానికి నున్నటి చెక్క పలక వేసేవాడు. ఏ వేళప్పుడు చూసినా అవి పలక మీదే ఉండేవి.

బోను నాలుగు కాళ్లూ నాలుగు రేకు డబ్బాల్లో నిలబడి ఉండేవి. డబ్బాల నిండా నీళ్లు. వంటింట్లో బీరువా కాళ్లకి చీమలెక్కకుండా పెట్టుకునేదే. ఆ డబ్బాల్లో నీళ్లు ఎండకుండా చూడటం నా డ్యూటీ. చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ కళ్లు తెరవని పిల్లలున్న పెట్టెలోకి ఎర్రచీమలు బారు కట్టాయంటే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. పిల్లికీ పందికొక్కుకీ ఇనప జల్లెడ సరిపోతుంది. చీమకి నీళ్లే కావాలి.

మేత సంగతి చెప్పాలంటే చాలా ఉంది. కుందేలు అనగానే అందరూ క్యారెట్ అంటారు. బాబాయి ఎన్నిసార్లు చెప్పినా మా వీధి పిల్లలది తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. క్యారెట్లు తెచ్చి జల్లెడ సందుల్లోంచి దోపుతూనే ఉండేవారు. క్యారెట్‌లో తీపి ఎక్కువ, ఎప్పుడైనా ఒక ముక్క పెడితే పర్లేదు. కుందేలుకి అసలు తిండి గడ్డి. రోజంతా పీచు నములుతూ ఉంటేనే పళ్లు అరుగుతాయి, పేగులు ఆడతాయి. ఏలూరు కాలువ గట్టు మీద గరిక కోసుకొచ్చేవాళ్లం. ఊరి బయటి నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చేది. వరికోతలయ్యాక చలికాలంలో పొలాల్లో చల్లే పిల్లిపెసర, జనుము తెచ్చేది. పిల్లిపెసర వచ్చిన రోజు బోన్లన్నీ పండగే. అయినా బాబాయి దాన్ని గుప్పెళ్ల లెక్కనే వేసేవాడు. పచ్చి పప్పుజాతి మేత ఒక్కసారిగా ఎక్కువ తింటే పొట్ట ఉబ్బుతుంది. మంచుకి తడిసిన గడ్డయితే నీడలో పరిచి వాడ్చాకే వేయాలి.

మోపు విప్పగానే పిన్నీ నేనూ కూర్చుని ఏరేవాళ్లం. వయ్యారిభామ కలుపు ఉంటే తీసేయాలి. సుబాబుల్ కొమ్మలు చాలామంది మేకలకి వేస్తారు కదా అని ఆవిడ ఓసారి నాలుగు రెమ్మలు కలిపి తెచ్చింది. ఆ ఆకులో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది, మేకలు తట్టుకుంటాయి గానీ కుందేళ్లకి పడితే బొచ్చు రాలిపోతుంది. లేత జొన్న అసలే వద్దు, అందులో సైనైడ్ విషం తయారవుతుంది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప తొక్కలు కూడా వద్దు. మునగాకు కొంచెం, కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకు, ఇవి రోజూ ఇంట్లోంచే వెళ్లేవి. నాన్నమ్మ మాత్రం అన్నం ముద్ద తెచ్చేది. "మనం తింటూ దానికి గడ్డి వేస్తామేంట్రా" అనేది పాపం. "అమ్మా, నీ చేత్తో గరిక పెట్టు, అదే పరమాన్నం దానికి" అని బాబాయి ఆ ముద్ద తీసుకుని కాకులకి వేసేవాడు.

తెల్లవారుజామున అవి తల కిందికి వంచి, తోక దగ్గర్నుంచి ఏదో అందుకుని మింగడం మొదటిసారి చూసి నేను భయపడి బాబాయిని లేపాను. లాంతరు పట్టుకొచ్చి చూసి, వెన్ను నిమిరి, "ఏం లేదమ్మాయ్, దాని రెండో భోజనం" అన్నాడు. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. పగలు మనం చూసే గట్టి పెంటికలు వేరు, చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా ఉండేవి వేరు. ఆ మెత్తటివి పేగులో పులిసి తయారైన పోషకాలు. వాటిని అది మళ్లీ తినాలి. తిననివ్వకపోతే నీరసించిపోతుంది.

ఇక బెజవాడ ఎండ. మా కుందేళ్లకి ఉన్న ఒకే ఒక్క శత్రువు అదేనేమో అనిపిస్తుంది నాకు. కుందేలుకి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. మా ఊళ్లో మార్చి నెలలోనే ఆ గీత దాటేస్తుంది, మేలో 45 దాకా వెళ్తుంది. ఉగాది వెళ్లగానే పందిరి మీద కొత్త తాటాకులు పడేవి. పడమర వైపు గోనెసంచులు వేలాడదీసి గంటకోసారి తడపడం ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల పని. బోనుకో కడప బండ ముక్క, బావి నీళ్లతో తడిపి పెడితే దాని మీద పొట్ట ఆనించి పడుకునేవి. మట్టి మూకుళ్లలో నీళ్లు. తడిగుడ్డతో చెవులు తుడవాలి, అంతే గానీ ఒంటి మీద నీళ్లు గుమ్మరించకూడదు.

2003 వేసవి నాకు బాగా గుర్తు. ఆ మే, జూన్ నెలల్లో వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. పేపర్ తీయాలంటే టెన్షన్‌గా ఉండేది. బాబాయి కుందేళ్లన్నిటినీ దొడ్లోంచి తీసి నడవాలోకి తెచ్చేశాడు. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్ నడవా వైపు తిప్పి, నీళ్లు గడ్డకట్టించిన సీసాలకి గుడ్డ చుట్టి బోన్లలో పెట్టాం. మనుషులం హాల్లో ఫ్యాను కింద పడుకున్నాం. ఎవ్వరూ సణగలేదు. నాన్నమ్మే రాత్రి లేచి కూలర్‌లో బిందెడు నీళ్లు పోసి వచ్చేది.

ఈ ఎండ మూలానే బాబాయికి ఒక కట్టుబాటు ఉండేది. కార్తీకం నుంచి మాఘం దాకానే జత కలపడం. వేసవిలో చూడి కుందేలు పడే బాధ చూడలేం. పైగా ఆ వేడికి మగవాటికి సంతానశక్తి పడిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ మామూలవడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఆడదానికి ఆరు నెలలు నిండాలి. ఏడాదికి ఒక ఈత, మహా అయితే రెండు. మగదీ ఆడదీ ఎప్పుడూ వేర్వేరు బోన్లలోనే. ఆడదాన్నే మగదాని దగ్గరికి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని బోనులోకి వదిలితే ఆడది తన చోటు అనుకుని మీద పడి కరుస్తుంది. పని నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే తీసేసేవాడు. కుందేలుకి ఆవుకీ గేదెకీ ఉన్నట్టు ఎద రోజులు ఉండవు. జత కలిశాకే, దాదాపు పది గంటలకి, అండం విడుదలవుతుంది. అందుకే రెండిటినీ కలిపి ఉంచితే ఎప్పుడైనా చూడి కట్టొచ్చు. పిల్లలు పెట్టిన రోజే కూడా.

ఓసారి మా స్కూలు ఫ్రెండొకమ్మాయి "మీరెందుకు ఇన్ని రూల్స్ పెట్టుకుంటారు, ఎన్ని పిల్లలుంటే అంత బాగుంటుంది కదా" అంటే బాబాయి ఆ అమ్మాయి పలక మీదే లెక్క వేయించాడు. చూడి 31 రోజులు. వెంటవెంటనే కట్టిస్తే ఏడాదికి 11 ఈతలు. ఈతకి 6 అనుకుంటే 66 పిల్లలు, ఒక్క తల్లికి. "ఈ 66కీ ఇళ్లు చూపించమ్మా, రేపే మొదలెడదాం" అన్నాడు. నవ్వుతూ అనలేదు ఆ మాట. ఆయన పద్ధతి వేరే. ముందు నోట్‌బుక్ చివరి పేజీలో అడిగినవాళ్ల పేర్లుండాలి, ఇళ్లు చూసొచ్చి ఉండాలి. కనీసం నలుగురైదుగురు ఖాయమైతేనే ఆ ఏడు జత కలిపేవాడు. ఎవరూ లేని ఏడాది ఈతే లేదు. నేను ఏడ్చి గోల చేసినా లేదు.

అన్నాచెల్లెళ్ల వరసవి కలవకుండా కూడా ఆ పుస్తకమే చూసుకునేవాడు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక స్నేహితుడూ ఈయనా అప్పుడప్పుడు మగవాటిని మార్చుకునేవారు. బుట్టలో గడ్డి పరిచి, పైన గుడ్డ కప్పి, ఎండ పొడవక ముందే రైలెక్కించుకుని తెచ్చేవాడు.

మల్లి గురించి చెప్పకపోతే ఇదంతా చెప్పీ లాభం లేదు. మా తెల్ల కుందేళ్లలో పెద్ద తల్లి. ఇంట్లో ఎవరు పిలిచినా తల తిప్పేది కాదు, బాబాయి చెప్పుల చప్పుడు వినిపిస్తే మాత్రం ముందు కాళ్లు జల్లెడకి ఆనించి నిలబడేది. జత కలిపిన రెండు వారాలకి బాబాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని, పొట్ట కింద రెండు వేళ్లతో అతి మెల్లగా తడిమేవాడు. లోపల గోలీకాయలంత గుండ్రంగా తగిలితే చూడి కట్టినట్టు. నన్ను తాకనిచ్చేవాడు కాదు, గట్టిగా నొక్కితే పిల్లలకి ప్రమాదం. 28వ రోజున బోను లోపల పెట్టె పెట్టేవాడు. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి తెచ్చిన యాపిల్ పండ్ల చెక్కపెట్టె, మేకులన్నీ పీకి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఎండలో పెట్టినది. అడుగున ఎండు వరిగడ్డి.

ఒక ముక్కోటి ఏకాదశి రోజులనుకుంటా, ఆ రాత్రి నన్ను లేపి చూపించాడు. దీపం వెలుతురు నేరుగా పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. మల్లి నోట్లో గడ్డిపోచలు అడ్డంగా కరుచుకుని పెట్టెలోకి వెళ్తోంది, మళ్లీ బయటికి వస్తోంది. ముందు కాళ్లతో గడ్డిని మూలకి తోసి, గడ్డంతో అదిమి, మధ్యలో గుంట చేసింది. తర్వాత తన పొట్ట మీది బొచ్చు తనే నోటితో పీకడం మొదలుపెట్టింది. గుప్పెడు గుప్పెడుగా తెల్లటి బొచ్చు ఆ గుంట నిండా పరిచింది. "నొప్పి పుట్టదా బాబాయ్" అంటే, "ఈ టైముకి ఆ బొచ్చు దానంతటదే వదులవుద్ది. పాలు తాగడానికి పిల్లలకి దారి కూడా దొరుకుద్ది" అన్నాడు. ఇంక చూడకూడదని నన్ను లోపలికి పంపేశాడు. తెల్లారేసరికి ఆ బొచ్చు మొత్తం పైకీ కిందికీ ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది.

బాబాయి ముందు మల్లికి కొత్తిమీర కాడలు పెట్టి, తల నిమిరి, ఆ చేతులతోనే పెట్టెలో చూశాడు. మనిషి తాకితే తల్లి పిల్లల్ని చంపేస్తుందని అందరూ అంటారు. మనిషికి అలవాటైన కుందేలు అలా చేయదు. అది బెదిరితేనో, దాహంతో ఉంటేనో, మొదటి ఈతలో కంగారుపడితేనో చేసే పని. లోపల ఏడు పిల్లలు. ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని, ఒక్కోటి 50 గ్రాములు ఉంటుందో లేదో. చర్మం ఎంత పల్చనంటే తాగిన పాలు పొట్టలో తెల్లగా కనిపిస్తాయి. రోజూ ఆయన చూసేది ఆ తెల్లటి మచ్చనే. పొట్ట గుండ్రంగా బిగుతుగా ఉంటే పాలు అందినట్టు, చర్మం ముడతలు పడితే అందనట్టు.

తల్లి పిల్లల దగ్గర పడుకోదు. రోజుకి ఒకటి రెండుసార్లు పెట్టెలోకి దూకి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి, బయటికొచ్చేస్తుంది. అడవిలో శత్రువులకి గూడు తెలియకుండా వచ్చిన అలవాటు. ఇది తెలియనివాళ్లు తల్లి పిల్లల్ని వదిలేసిందని గాభరాపడి, ఆవుపాలు పట్టి, అవి చచ్చిపోతే ఏడుస్తారు. బాబాయి ఎప్పుడూ ఇద్దరు తల్లుల్ని ఒకేరోజు జత కలిపేవాడు. ఒకదానికి పాలు చాలకపోయినా, ఏదన్నా జరిగినా, పిల్లల్ని రెండోదాని పెట్టెలోకి మార్చొచ్చని. కొత్త పిల్లల్ని దాని బొచ్చులో కాసేపు కప్పి ఉంచితే అదీ పాలిస్తుంది.

నాలుగైదు రోజులకి నూగు వస్తుంది, పది పన్నెండు రోజులకి కళ్లు తెరుస్తాయి. మూడో వారంలో ఒక పిల్ల పెట్టె అంచు మీదికెక్కి అటా ఇటా అని ఊగుతూ బయటికి దొర్లి పడుతుంది. ఆ రోజు స్కూలుకి వెళ్లాలంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. ఆరు వారాలకి పాలు మాన్పించడం, ఎనిమిది వారాలు నిండాకే ఇవ్వడం. బజార్లో అరచేతిలో పట్టేంత పిల్లల్ని అమ్ముతారు, ముద్దుగా ఉంటాయని కొంటారు. తల్లి పాలు అప్పుడే వదిలిన ఆ పేగులు కొత్త తిండికి తట్టుకోలేవు. విరేచనాలు పట్టుకుంటే చేతికి దక్కవు.

ఆడా మగా చూడటం ఒక విద్య. తిరగేసి ఒళ్లో పెట్టుకుని తోక దగ్గర మెల్లగా నొక్కితే మగదానికి గుండ్రంగా, ఆడదానికి నిలువు చీలికలా కనిపిస్తుంది. చిన్నప్పుడు పొరపడటం తేలిక, అందుకే బాబాయి ఆరు వారాలప్పుడోసారి, ఇచ్చేముందు మరోసారి చూసి పుస్తకంలో రాసేవాడు. ఎవరికైనా రెండు ఇస్తే రెండూ ఆడవే, ఒకే ఈతవి. ఒంటరిగా ఉంటే కుందేలు దిగులు పడుతుంది, ఆడా మగా జత ఇస్తే సంత అవుతుంది.

ఇన్ని చూసుకున్నా ఒకసారి మోసం జరిగింది. ఎంతో ఇష్టంగా అడిగి తీసుకున్న ఒక కుటుంబం, ఇల్లు మారుతూ కుందేళ్లని కాలువ గట్టున వదిలేసి వెళ్లిపోయింది. గడ్డి ఉంది కదా, బతికేస్తాయనుకున్నారట. పెంపుడు కుందేలు వీధికుక్కల మధ్య ఒక రాత్రి కూడా బతకదు. బాబాయీ నాన్నా టార్చిలైట్లు పట్టుకుని గట్టంతా వెతికారు. తూటికాడ పొదల్లో ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. బాబాయి ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటి నుంచి ఇచ్చేటప్పుడు ఇంకో మాట చేర్చాడు. "వద్దనుకున్న రోజు, అది ఏ రోజైనా సరే, నాకే తెచ్చివ్వండి. ఎందుకని కూడా అడగను." నిజంగానే అడిగేవాడు కాదు. ఆ తర్వాత కొన్ని తిరిగొచ్చాయి. అందుకని ఎప్పుడూ ఒక బోను ఖాళీగా ఉండేది మా పందిరి కింద.

మైలవరం వైపు నుంచి ఒక బంధువు గోనెసంచిలో రెండు చెవులపిల్లి (అడవి కుందేలు) పిల్లల్ని తెచ్చిన రోజు కూడా చెప్పాలి. పొలంలో తల్లి లేకుండా దొరికాయన్నాడు, మా వాటితో కలిపి పెంచమన్నాడు. అవి వేరే జాతి. పుట్టడమే ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. బోనులో పెడితే బెదిరి చచ్చిపోతాయి. తల్లి వదిలేయలేదు, అది కూడా రోజుకోసారే వచ్చి పాలిస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని పట్టడమే నేరం. బాబాయి ఆయన్ని కాఫీ కూడా తాగనివ్వకుండా బస్సెక్కించి, తనూ వెళ్లి, ఏ చేలో దొరికాయో అక్కడే వదిలించి వచ్చాడు.

జబ్బు చేస్తే ఆ రోజుల్లో తిప్పలే. పశువుల ఆసుపత్రిలో గేదెల వైద్యం బాగా తెలిసినవాళ్లే గానీ కుందేలుని చూసినవాళ్లు తక్కువ. గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల మొదలయ్యాక బాబాయికి కొండంత అండ దొరికింది. చెవిలో గజ్జి పురుగు పట్టి లోపల గోధుమ రంగు పొక్కులు కడితే ఐవర్‌మెక్టిన్ ఎంత మోతాదో బరువు తూచి ఇప్పించుకొచ్చేవాడు. కుక్కలకి గోమార్లకి వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకి ప్రాణం తీస్తాయనీ, మనం వాడే అమోక్సిసిలిన్ నోట్లో పోస్తే పేగుల్లో మంచి క్రిములు చచ్చి కుందేలు కూడా పోతుందనీ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాడు. దాని కింద ఇంకో వాక్యం: పూట గడ్డి ముట్టకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. కుందేలు పేగు ఆగిందంటే టైము ఉండదు.

దీపావళికి మాత్రం మా ఇంట్లో కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లే. బోన్ల మీద దుప్పట్లు కప్పి, బాబాయి పందిరి కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బాంబుల శబ్దానికి గుండె ఆగి చచ్చిపోయే ప్రాణులు అవి.

ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇద్దామని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మొదలైన రోజే బాబాయి జత కలపడం మానేశాడు. ఆ పని తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ ఉన్నవాటిని ముసలివాళ్లని చూసుకున్నట్టు చూసుకుంటూ వచ్చాడు. చివరిది సీతాలు, మల్లి మనవరాలు. తొమ్మిదేళ్లు బతికింది. మునగచెట్టు మొదట్లో పాతిపెట్టాం. ఆ తర్వాతే ఇల్లు బిల్డరుకిచ్చారు.

ఇప్పుడు నేను గుంటూరులో ఉంటున్నాను, లక్ష్మీపురంలో. బాబాయికి డెబ్బై దాటాయి, పోరంకిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మా అమ్మాయి కుందేలు పిల్లలు కావాలని ఏడాదిగా అడుగుతుంటే ఆయనతోనే ఫోన్లో మాట్లాడించాను. పిల్లలొద్దు, పెద్దవి తెచ్చుకోండి అన్నాడు. ఊరొదిలి వెళ్తూ ఎవరికిద్దామా అని చూస్తున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారట. అలాగే దొరికాయి, రెండు ఆడవి, మూడేళ్ల వయసువి. వానలు పడి చల్లబడ్డాకే తెచ్చాం. అమరావతి రోడ్డు వైపు గడ్డిమోపు దొరుకుతోంది, కొత్తిమీర కాడలు రైతుబజార్లో అడిగితే ఊరికే ఇస్తున్నారు. మా అమ్మాయికి ఎత్తుకోవడం నేర్పాను. చెవులు పట్టి ఎత్తకూడదు, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద. వెనక కాళ్లు గాల్లో వదిలేస్తే ఎగిరి తన్ని వెన్నెముక విరగ్గొట్టుకుంటుంది.

ఆడ కుందేళ్లకి వయసు మీదపడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువని, ఆపరేషన్ చేసి తీసేయడం మంచిదని ఇక్కడి డాక్టరుగారు చెప్పారు. బాబాయి రోజుల్లో ఈ సంగతి మాకెవరికీ తెలియదు. చెప్తే చాలాసేపు మాట్లాడలేదు ఆయన, తర్వాత మత్తు ఏది ఇస్తారు, ఇలాంటివి ఇంతకుముందు ఎన్ని చేశారు అని వరసగా అడిగాడు. పెద్దదానికి వచ్చే నెలలో ఆపరేషన్. ముందురోజే వచ్చి మా ఇంట్లో ఉంటానన్నాడు. కుక్కలకీ పిల్లులకీ చెప్పినట్టు ఆపరేషన్ ముందు పస్తు పెట్టమంటారేమో, కుందేలుకి వాంతి అవదు, దానికి పస్తు పనికిరాదు, చివరిదాకా గడ్డి తింటూ ఉండాలి, ఈ మాట డాక్టరుగారిని గట్టిగా అడిగి తెలుసుకో అని నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు.